పుస్తకాల చెక్కా, వీధి చెక్కా: కొత్తవాళ్ళకి ఏది మేలు?

చెక్ రిపబ్లిక్ వాళ్ళ భాష చెక్. దాన్ని నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు అడిగేది యాప్ మంచిదా, క్లాసు మంచిదా అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఏ చెక్? యాప్ పెట్టుకున్నా, క్లాసులో చేరినా నేర్పేది దాదాపుగా పుస్తకాల చెక్కే. దాన్ని 'స్పిసొవ్నా' అంటారు. రాజధాని ప్రాగ్‌లో ట్రామ్ ఎక్కితే చెవిన పడేది 'ఒబెత్స్‌నా', అంటే మామూలు జనం మాట.

నాకు ఈ తేడా తెలిసింది పాల దగ్గర. మొదటి నెలలో చిన్న కొట్టుకి వెళ్ళి, పుస్తకంలో ఉన్నట్టే దీర్ఘం తీసి 'మ్లేకొ' అడిగాను. కౌంటర్‌లో ఉన్నావిడ 'మ్లీకొ?' అంది. ఇదేదో వేరే సరుకు కాబోలని తల అడ్డంగా ఊపుతూ "నో, నో" అన్నాను. ఆవిడ నా మొహం కూడా చూడకుండా పాల డబ్బా తీసి ముందు పెట్టింది. మ్లీకొ కూడా పాలే. పైగా చెక్ వీధి మాటలో 'నొ' అంటే 'ఊఁ, అవును' అని. రెండు తప్పులు కలిసి పాలు ఇప్పించాయి.

తేడాలు చాలావరకు ఒక వరసలో నడుస్తాయి. పుస్తకంలో 'దొబ్రీ' (మంచి) అని ఉంటే నోట 'దొబ్రెయ్' అవుతుంది. 'బీత్' (ఉండటం) 'బెయ్త్' అవుతుంది. 'ఒక్నొ' (కిటికీ) 'వొక్నొ' అవుతుంది. ఈ చివరిది మనకి వింతేమీ కాదు, 'ఒళ్ళు'ని 'వొళ్ళు' అనేవాళ్ళమే కదా.

వ్యాకరణంలో వీధి చెక్ ఒకచోట నిజంగా కనికరిస్తుంది. చెక్‌లో ఏడు విభక్తులు. ఏడోది మన 'తో'. బహువచనంలో పుస్తకం ఒక్కో రకం మాటకి ఒక్కో ప్రత్యయం పెడుతుంది: స్నేహితులతో అంటే 'స్ కమరాది', ఆడవాళ్ళతో అంటే 'సె జెనమి'. వీధిలో అన్నిటికీ 'మ' ఒక్కటే: కమరాదమ, జెనమ. ఈ 'మ' ఎక్కడిదంటే పాత ద్వివచనంది. సంస్కృతం చదివినవాళ్ళకి ద్వివచనం గుర్తుండే ఉంటుంది. జంటగా ఉండే అవయవాలకి పుస్తకాల చెక్‌లో కూడా అది మిగిలింది: చేతులతో 'రుకమ', కళ్ళతో 'ఒచిమ'. జనం దాన్ని తీసుకుని అన్నిటికీ తగిలించేశారు.

ఇంత ఎడం ఎందుకు వచ్చిందంటే, 1809లో యోసెఫ్ దొబ్రోవ్‌స్కీ అనే పండితుడు చెక్ వ్యాకరణం రాసినప్పుడు తన కాలం నాటి నోటి మాటని కాకుండా 16వ శతాబ్దపు రాతని కొలతగా పెట్టుకున్నాడు. అప్పటికే జనం నోట 'ఎయ్'లు, 'వొ'లు స్థిరపడిపోయాయి. చిన్నయసూరి, గిడుగు కథ తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మన దగ్గర పత్రికలు చివరికి గిడుగు వైపు వచ్చాయి. అక్కడ వార్తలు, ఆఫీసు ఉత్తరాలు, బడి పుస్తకాలు ఇప్పటికీ స్పిసొవ్నాలోనే.

కాబట్టి కాగితం పని ఉన్నవాళ్ళకి పుస్తకాల చెక్ తప్పదు. శాశ్వత నివాసానికి 2021 సెప్టెంబరు నుంచి ఏ2 స్థాయి (ప్రాథమిక) భాషా పరీక్ష అడుగుతున్నారు, పౌరసత్వానికి దాని పై మెట్టు బీ1. ఇంకో ఆశ కూడా ఉంది: ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్‌లోనే చదివితే, ఏ దేశం వాళ్ళకైనా నిర్ణీత కాలం వరకు ట్యూషన్ ఫీజు లేదు. దానికోసం ఏడాదంతా భాష మీదే కూర్చునే విదేశీ విద్యార్థులు చాలామంది ఉంటారు. వాళ్ళు వీధి చెక్‌తో మొదలుపెడితే రాతలో దెబ్బ తింటారు. వీధి రూపం నుంచి పుస్తకానికి వెళ్ళడం కష్టం, పుస్తకం నుంచి వీధికి దిగడం తేలిక. 'జెనమి' వచ్చినవాడు 'జెనమ' విన్నప్పుడు పోల్చుకోగలడు. 'జెనమ' ఒక్కటే తెలిసినవాడికి 'కమరాది' ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయినా రోజంతా ప్రాగ్‌లో పనిచేసేవాడు పుస్తకం పట్టుకునే కూర్చుంటే, పక్క టేబుల్ వాళ్ళు బీరు తాగుతూ ఏం మాట్లాడుకుంటున్నారో రెండేళ్ళకీ అర్థం కాదు. అందుకని నా లెక్క ఇది: నోటికి పుస్తకం, చెవికి వీధి, రెండూ మొదటి నెల నుంచే. వచ్చీరాని వ్యాకరణంతో 'వొక్నొ', 'బెయ్త్' అని మనం అంటే వినేవాళ్ళకి అది యాసలా కాదు, తప్పులా వినిపిస్తుంది. ముందు విని గుర్తుపట్టడం చాలు. 'ధన్యవాదాలు'కి 'జెకుయి' బదులు 'జెకుయు' లాంటివి మాత్రం మొదటి రోజు నుంచే అనేయొచ్చు, వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

యాపా, క్లాసా అన్న ప్రశ్న ఇక్కడికి వచ్చాక తేలికైపోతుంది. ప్రత్యయాల కోసం క్లాసు, మాటల కోసం యాప్, చెవి కోసం వారానికో గంట మాట్లాడే స్థానికుడు. వీధి చెక్‌లోనే మాట్లాడమని ఆ స్థానికుడితో మొదటి రోజే చెప్పుకోవాలి, లేకపోతే విదేశీయుడని జాలిపడి మీతో పుస్తకంలా మాట్లాడతాడు.

ఇదంతా ప్రాగ్, దాని చుట్టూ ఉన్న బొహీమియా సంగతి. ఉద్యోగం దేశానికి తూర్పు వైపున్న మొరావియాలోని బ్ర్నో నగరంలో వస్తే లెక్క కొంత మారుతుంది. అక్కడ 'వొక్నొ' అంతగా వినపడదు, ఊరి యాస వేరే. ప్రాగ్‌లో 'త్రమ్‌వయ్' అనే ట్రామ్ బండిని అక్కడ 'షలిన' అంటారు. దిగిన రోజే ఎవరినైనా దారి అడిగితే ముందు వినపడేది ఆ మాటే.