వెంటనే చెప్పడమా, ఆపి ఉంచడమా?

విపత్తులో అధికారుల ముందు రెండు దారులుంటాయి: తెలిసినంత వెంటనే చెప్పేయడం, లేదా జనం కంగారు పడతారని ఆపి ఉంచడం.

రెండోదానికి అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ఉదాహరణ. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున రియాక్టర్ పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని ఖాళీ చేయించింది మర్నాడు మధ్యాహ్నం. స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో రేడియేషన్ బయటపడ్డాకే, 28 సాయంత్రం, సోవియట్ ప్రభుత్వం నోరు విప్పింది. మే 1న దగ్గర్లోని కీవ్ నగరంలో మే డే ఊరేగింపు మాత్రం మామూలుగానే జరిపారు! ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవాళ్లు తగ్గిపోయారు. ‘రేడియేషన్ సోకిన ఈ పాలు తాగొద్దు’ లాంటి సలహా పనిచేయాలంటే ముందు చెప్పేవాళ్ల మీద నమ్మకం ఉండాలి కదా.

మొదటి దారి 1982లో కనిపించింది. చికాగో ప్రాంతంలో ఎవరో సైనైడ్ విషం కలిపిన టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్ మింగి ఏడుగురు చనిపోయారు. ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ జనాన్ని హెచ్చరించి, అమెరికా అంతటా సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. కొత్త సీలుతో వచ్చిన మందును జనం మళ్లీ కొన్నారు.

ఇందులోనూ రిస్క్ ఉంది: తొలి సమాచారం తప్పు కావచ్చు. ‘ఇంతవరకే తెలుసు, రేపు మారొచ్చు’ అని ముందే అంటే ఆ దెబ్బ తగ్గుతుంది. ఆపి ఉంచడం నాకు సబబుగా తోచేది ఒక్కచోటే, బయటపెడితే బందీల ప్రాణాలు పోయేలా ఉన్నప్పుడు.