టికెట్ తక్కువని క్రూజ్ కంపెనీ మారుస్తున్నారా? పెద్దవాళ్ళు వెంట ఉంటే ముందు ఇది చదవండి

అమెరికా వచ్చిన అమ్మానాన్నల్నో అత్తమామల్నో క్రూజ్‌లో కరేబియన్ ద్వీపాలు తిప్పుదామనుకునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులోనూ ఒక కంపెనీ ఓడలో హాయిగా తిరిగొచ్చి, "అదే రూటు, ఇంకో కంపెనీలో ఇంత తక్కువకి వస్తోందే" అని ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకి మేం అలాగే మారాం. అట్లాంటా నుంచి కారులో ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్, అక్కణ్ణుంచి ఓడ మీద బహామాస్‌లో కంపెనీవాళ్ళ సొంత ద్వీపం, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్. మేమిద్దరం, పాప, మా అత్తయ్యగారు, మామయ్యగారు. పాత కంపెనీ రేటుకీ దీనికీ అందరికీ కలిపి ఎనిమిది వందల డాలర్ల పైనే తేడా కనపడింది. తిరిగొచ్చి బిల్లు చూసుకుంటే ఆ తేడా మొత్తం పోయి, పైన ఇంకొంచెం ఎదురు కట్టాం.

కంపెనీ పేరు రాయడం లేదు. దెబ్బ ఎక్కడెక్కడ తగులుతుందో తెలిస్తే ఏ కంపెనీ బుక్ చేసినా పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. 2024 జూలై నుంచి కాలిఫోర్నియా చట్టం పుణ్యమా అని పెద్ద క్రూజ్ కంపెనీలు చూపించే ధరలోనే పన్నులు, పోర్టు ఫీజులు కలిపి చూపిస్తున్నాయి. అందుకని స్క్రీన్ మీద కనపడేదే ఆఖరి రేటు అనిపిస్తుంది. టిప్పులు మాత్రం అందులో ఉండవు. మామూలు క్యాబిన్లకి మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా వాళ్ళే మన ఖాతాలో వేసేస్తారు. ఐదుగురికి వారం రోజులంటే 600 డాలర్ల దగ్గరికొస్తుంది. మా పాపకి కూడా పెద్దవాళ్ళతో సమానంగా వేశారు. పాత కంపెనీలో మేం కొన్న ఆఫర్‌లో టిప్పులు కలిసే ఉన్నాయి, రెండు ఫోన్లకి వైఫై కూడా. ఇక్కడ వైఫై ఒక్కో ఫోనుకి విడిగా, రోజు లెక్కన. అంటే పక్కపక్కన పెట్టి చూసిన రెండు రేట్లూ అసలు ఒకే వస్తువువి కావు. ఈ లెక్క బుకింగ్ చేసే ఏజెంటు చెప్పడు. నోరు తెరిచి అడగాలి.

చిన్న చిన్నవి ఇంకో దారిలో వస్తాయి. మొదటి రోజు మధ్యాహ్నం పూల్ దగ్గర కూర్చున్నాం. నీట్‌గా యూనిఫాం వేసుకున్న కుర్రాడు ట్రే నిండా మామిడిపండు రంగు డ్రింకులు పట్టుకొచ్చి, "వెల్కమ్ అమ్మా" అన్నట్టు వంగి మా అత్తయ్యగారి ముందు ఒకటి పెట్టాడు. చిన్న గొడుగు, పైనాపిల్ ముక్క, రంగు రంగుల గ్లాసు. పెళ్ళిలో ఎదురు సన్నాహానికి ఇచ్చే షర్బత్‌లాంటిదనుకుని ఆవిడ తీసుకుని, పాపకీ ఒకటి ఇప్పించారు. కార్డు అడిగితే గది తలుపు తెరిచేదే కదా అని ఇచ్చేశారు. మందు చుక్క లేని ఆ రెండు గ్లాసులకీ, పైన ఆటోమేటిక్‌గా పడే సర్వీస్ చార్జీతో కలిపి ముప్పై డాలర్ల పైన పడింది. రూపాయల్లోకి మార్చుకుని చూశాక ఆవిడ వారమంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పాత కంపెనీ ఓడలోనూ ఇలాంటివి అమ్ముతారు, కాకపోతే అక్కడ ముందు ధర చెప్పి అడిగేవారు. ఓడలో ఆ కార్డే మీ పర్సు. పిల్లల, పెద్దవాళ్ళ కార్డులకి ఖర్చు పెట్టే వీలు తీసెయ్యమని ఎక్కిన రోజే గెస్ట్ సర్వీసెస్‌లో చెబితే తీసేస్తారు. రోజూ రాత్రి యాప్‌లో బిల్లు చూసుకోండి. చివరి రోజు పొద్దున్న ఆ కౌంటర్ దగ్గర క్యూ తిరుపతి క్యూని గుర్తు చేస్తుంది.

తిండి దగ్గరకొద్దాం, నా అసలు కోపం ఇక్కడే. పాత ఓడలో మెయిన్ డైనింగ్ హాల్లో మొదటి రాత్రి హెడ్ వెయిటర్ వచ్చి, మేం శాకాహారులమని తెలుసుకుని, "రేపటి నుంచి పప్పు, ఒక కూర, అన్నం, రోటీ మీకు ప్రత్యేకంగా చేయిస్తాను" అన్నాడు. అన్నట్టే రోజూ చేయించాడు. క్రూజ్ ఓడల్లో మన దేశంవాళ్ళు, ముఖ్యంగా గోవా, ముంబై, కేరళ కుర్రాళ్ళు చాలామంది పనిచేస్తారు. వంటింట్లోనూ ఉంటారు కాబట్టి ఇది పెద్ద విడ్డూరం కాదు. కొత్త కంపెనీకి బుకింగ్ అవగానే ఇండియన్ వెజిటేరియన్ కావాలని మెయిల్ పెట్టాం, "నమోదు చేసుకున్నాం" అని జవాబు కూడా వచ్చింది. తీరా ఎక్కాక ఆ నమోదు ఎవరికీ తెలీదు. వెజిటేరియన్ అంటే రోజు మార్చి రోజు చీజ్ పాస్తా, ఉడకబెట్టిన బ్రకోలీ. బఫేలో "కర్రీ" అని రాసి ఉన్నదాంట్లో ఏముందని అడిగితే బీఫ్. కూరగాయల సూప్ అని రాసి ఉన్నదాన్ని మామయ్యగారు నోట్లో పెట్టుకోబోతుంటే మా వారికి అనుమానమొచ్చి వంటవాణ్ణి పిలిచి అడిగారు. చికెన్ ఉడికించిన నీళ్ళతో చేశారట. అతను చాలా మామూలుగా, "కానీ ముక్కలు లేవు కదా" అన్నాడు. జీవితంలో గుడ్డు కూడా తినని మనిషి మామయ్యగారు. ఆ తరవాత ఆయన బఫేలో ఏ గిన్నె దగ్గరకీ ధైర్యంగా వెళ్ళలేదు.

చివరికి ఆయన్ని నిలబెట్టింది పెరుగన్నమే. పొద్దున్న బఫేలో పెట్టే తియ్యదనం లేని యోగర్ట్ రెండు కప్పులు గదిలో ఫ్రిజ్‌లో దాచి, మధ్యాహ్నం తెల్లన్నం తెచ్చుకుని కలిపేవాళ్ళం. దుకాణంలో కొన్న సీల్ విప్పని కారప్పొడి ప్యాకెట్ వెంట ఉండబట్టి బతికిపోయాం. ఇంట్లో చేసిన ఆవకాయ, పులిహోరలాంటివి చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. కంపెనీ సీలు ఉన్న పొడి సరుకులకి మాత్రం సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ పట్టుకెళ్ళే ఆలోచన మానుకోండి. అగ్ని ప్రమాదం భయంతో స్కానింగ్‌లోనే తీసేసుకుని దిగే రోజు ఇస్తారు. మా ముందు క్యూలో ఉన్న కుటుంబానికి అదే జరిగింది. మీకు ఇండియన్ భోజనం ముఖ్యమైతే "వెజ్ దొరుకుతుందా" అని అడగొద్దు, అందరూ దొరుకుతుందనే అంటారు. "ఈ ఓడలో, మెయిన్ డైనింగ్‌లో, రోజూ రాత్రి పప్పూ అన్నం వండి పెడతారా" అని అడిగి, ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్కిన మొదటి గంటలోనే డైనింగ్ హాల్ మేనేజర్‌ని కలిసి అది చూపించండి.

గదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మాకు చౌకగా వచ్చిన బాల్కనీ "గ్యారంటీ" రకం. అంటే బాల్కనీ అన్నది ఖాయం, ఏ గది, ఏ అంతస్తు అన్నది వాళ్ళిష్టం. మాకు ముందు భాగంలో ఒకటి, అత్తయ్యగారికి మామయ్యగారికి రెండంతస్తుల కింద తోక దగ్గర ఒకటి ఇచ్చారు. కర్టెన్ లాగితే వాళ్ళ బాల్కనీ ముందు సముద్రానికి బదులు నారింజ రంగు లైఫ్‌బోటు పొట్ట. దానికి ఉన్న మర మేకులు కూడా లెక్కపెట్టొచ్చు. మార్చమంటే ఓడ ఫుల్ అన్నారు. పెద్దవాళ్ళు ఉంటే నాలుగు డబ్బులెక్కువైనా పక్కపక్క గదుల నంబర్లు చూసి కొనుక్కోవడమే దారి.

ఇక ద్వీపం. ఈ ట్రిప్ మొత్తంలో అందరం ఎదురుచూసింది బహామాస్‌లో కంపెనీ సొంత ద్వీపం రోజు కోసమే. పాత కంపెనీ ద్వీపంలో ఓడ నేరుగా జెట్టీకి ఆనుతుంది, నడుచుకుంటూ దిగిపోతాం. క్రూజ్ కంపెనీల సొంత ద్వీపాల్లో కోకోకే, ఓషన్ కే, డిస్నీ వాళ్ళ కాస్టవే కే అన్నీ అలాంటివే. ఈ కంపెనీ ద్వీపంలో అది లేదు. ఓడ దూరంగా నీళ్ళలోనే ఆగితే, టెండర్ అనే చిన్న బోట్లలోకి దిగి ఒడ్డుకి చేరాలి. ప్రిన్సెస్ కంపెనీవాళ్ళ ప్రిన్సెస్ కేస్ బీచ్‌లోనూ అంతే. గ్రాండ్ కేమన్ ద్వీపంలో అయితే పెద్ద ఓడలకి జెట్టీయే లేదు, ఎవరి ఓడ ఎక్కినా టెండరే గతి.

నవంబరు నుంచి మార్చి దాకా అమెరికా మీంచి చలిగాలి దిగినప్పుడల్లా బహామాస్‌లో ఉత్తరపు గాలి లేచి కెరటాలు పెరుగుతాయి. పెద్ద ఓడకి అది లెక్కలోకి రాదు కానీ టెండర్‌కి వస్తుంది. మా ఓడ పొద్దున్నే ద్వీపం ఎదురుగా ఆగింది. తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, వరసగా వేసిన నీలం కుర్చీలు అన్నీ కళ్ళెదురుగా ఉన్నాయి. పాప స్విమ్ సూట్ వేసుకుని, బకెట్టు, పార పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. గంటన్నర తరవాత మైకులో కెప్టెన్, గాలి ఎక్కువగా ఉంది, ప్రయాణికుల భద్రత ముఖ్యం, వెళ్ళిపోతున్నాం అన్నాడు. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. మామయ్యగారి మోకాళ్ళతో ఊగే బోటులోకి దిగించే సాహసం నేనూ చెయ్యను. నా అభ్యంతరం ఏమిటంటే, ఆ సీజన్లో ఆ ద్వీపానికి టెండర్ తప్పితే దారి లేదన్న ముక్క ప్రకటనలో ఎక్కడా లేదు, బొమ్మలు మాత్రం పేజీల నిండా ఉన్నాయి. పరిహారంగా వచ్చింది ఆ పోర్టు పన్ను మాత్రమే, మనిషికి ఒక పిజ్జాకి సరిపోయేంత. అది కూడా ఓడలోనే ఖర్చుపెట్టుకోవాలి. ఆగే చోట్లని ఎప్పుడైనా మార్చే, వదిలేసే హక్కు తమకుందని ఏ కంపెనీ అయినా టికెట్ షరతుల్లో రాసుకుంటుంది. బుక్ చేసేముందు ఒక్కో పోర్టు పక్కనా జెట్టీయా, టెండరా అని చూడండి. చక్రాల కుర్చీ వాడేవాళ్ళని కెరటాలున్నప్పుడు టెండర్‌లోకి ఎక్కనివ్వకపోవచ్చు కూడా.

సెయింట్ మార్టెన్‌లో మాత్రం ఓడ జెట్టీకే ఆనింది, మామయ్యగారు మొదటిసారి నవ్వారు. ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో సింధీ వ్యాపారుల నగల షాపులు బోలెడు. ఒకాయన హిందీలో పలకరించి కుర్చీ వేశాడు. మాటల్లో తేలిందేమంటే, ఓడలో "నమ్మకమైన దుకాణాలు" అని మైకులో ఊదరగొట్టే జాబితాలో పేరుండాలంటే దుకాణాలు డబ్బు కట్టాలట. నగలు కొనేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. ఇంకో చిక్కు, శీతాకాలంలో అక్కడి టైము ఫ్లోరిడా కంటే గంట ముందుంటుంది. పాత ఓడ గడియారాలు మార్చి ప్రకటించేది. ఈ ఓడ మార్చలేదు, ఫోన్లు మాత్రం వాటంతటవే మారిపోయాయి. సగంమంది ఫోను టైము చూసి, ఓడ వెళ్ళిపోతుందనుకుని, మాహో బీచ్‌లో తల మీంచి వెళ్ళే విమానాలు చూడకుండానే హడావుడిగా వెనక్కొచ్చేశారు. దిగేముందు ఓడ టైమేదో అడిగి, చేతి గడియారంలో పెట్టుకోండి.

కంపెనీతో సంబంధం లేనివే అయినా రెండు మాటలు. హెచ్1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు దాటినవాళ్ళు "తిరిగి ఇక్కడికే కదా వచ్చేది" అని బయలుదేరకండి. మెక్సికో, కెనడాలకి 30 రోజుల్లోపు వెళ్ళొచ్చేవాళ్ళకి ఉండే ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు దాటిన వీసాతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు) కరేబియన్ ద్వీపాలకైతే ఎఫ్, జే వీసాల వాళ్ళకే, అంటే చదువుకి, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకి వచ్చినవాళ్ళకే. బహామాస్ రూటుకి ఐ-797 (హెచ్1బీ ఆమోదించినట్టు ఇచ్చే కాగితం) చూపిస్తే చాలదు. రెండోది, అత్తమామలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద పనిచేస్తుందో లేదో పాలసీ చదివి చూడండి. అత్తయ్యగారికి వాంతులైతే ఓడలో డాక్టరు చూసి, ఇంజెక్షన్ ఇచ్చి, బిల్లు తిన్నగా గది ఖాతాలో వేశారు. క్లెయిమ్ తిప్పలు మనవే.

బాగున్నవి దాచను. గది శుభ్రం చేసే అబ్బాయి బంగారం. పిల్లల క్లబ్ పాత ఓడ కంటే మెరుగు, రాత్రి షోలు బాగున్నాయి. శుభ్రతకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చే మార్కులు కూడా బాగానే ఉన్నాయి. వందకి 85, అంతకన్నా తక్కువ వస్తే ఆ ఓడ తప్పినట్టు, ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. పెద్దవాళ్ళు లేకుండా, మాంసం తినే కుర్రకారు వెళ్తే ఈ ఓడే వాళ్ళకి నచ్చొచ్చు.

ఇంటికొచ్చాక సూప్ సంగతి, నమోదు చేసుకున్నామన్న మెయిల్, లైఫ్‌బోటు ఫొటో అన్నీ జతచేసి ఫిర్యాదు పెట్టాం. కోర్టుకెళ్తామనే బెదిరింపులు ఇక్కడ పెద్దగా పనిచేయవు. టికెట్ మీద అచ్చేసిన షరతు ప్రకారం కేసు ఫ్లోరిడాలోనే వెయ్యాలన్నది చెల్లుతుందని ఓ క్రూజ్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే తేల్చేసింది. కాగితాలు చేతిలో ఉంటే మాత్రం ఎంతో కొంత కదులుతుంది. మాకు సూప్‌కి క్షమాపణ, వచ్చే ప్రయాణంలో గదికి వంద డాలర్ల తగ్గింపు అని రాశారు. ఏడాదిలోపు వాడాలట, వేరేవాళ్ళకి బదిలీ చెయ్యకూడదట, టిప్పులకి వర్తించదట. అది చదివి వినిపిస్తే మామయ్యగారు, "ఆ వంద వాళ్ళనే ఉంచుకోమను, అమ్మా" అన్నారు. మేమూ ఉంచుకోమనే రాశాం.