రొయ్యల మేత దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్‌కు హైపర్‌-వి: ఒక నెల్లూరు వాడుకరి సమీక్ష

నెల్లూరులో ఇంటి నుంచే రొయ్యల మేత దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేసి ఇవ్వడం నా వృత్తి. ఇందుకూరుపేట దుకాణంలో విండోస్ 10, కోట అనే ఊరి దుకాణంలో విండోస్ 11, డేటాబేస్ నడిచేది ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద. ఇన్ని కంప్యూటర్లను ఇంట్లో పెట్టుకోలేను కనుక, విండోస్ 11 ప్రోతో పాటే వచ్చే హైపర్‌-విలో వీటన్నిటినీ వర్చువల్ మెషీన్లుగా, అంటే ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన వేర్వేరు కంప్యూటర్లుగా, నడుపుతున్నాను.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల మూల సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేసి, విండోస్ ఫీచర్స్ జాబితాలో హైపర్‌-వికి టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు. హోమ్ ఎడిషన్‌లో ఇది లేదు కాబట్టి ల్యాప్‌టాప్ కొనేటప్పుడే ఎడిషన్ ఏదో అడిగి తెలుసుకోవాలి. కనీసం 4 జీబీ ర్యామ్ కావాలంటారు గానీ, రెండు మెషీన్లను కలిపి నడపాలంటే 16 జీబీ ఉండాలని నా అభిప్రాయం.

మెషీన్ సృష్టించేటప్పుడు జనరేషన్ 1, 2 అనే రెండు రకాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఉబుంటుకు జనరేషన్ 2 ఎంచుకున్నవారు, నమ్మదగిన సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ టెంప్లేట్‌ను ‘మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సర్టిఫికెట్ అథారిటీ’కి మార్చాలి, మార్చకపోతే ఇన్‌స్టలేషన్ మొదలే కాదు. జనరేషన్‌ను తర్వాత మార్చుకునే వీలు లేదు. హైపర్‌-వి ముందే ఇచ్చే డిఫాల్ట్ స్విచ్ అనే వర్చువల్ నెట్‌వర్క్‌తో ఇంటర్నెట్ వెంటనే వస్తుంది, అయితే కంప్యూటర్ రీస్టార్ట్ అయినప్పుడు ఐపీ అడ్రస్ మారిపోవచ్చు. అందుకే డేటాబేస్ మెషీన్‌కు ఇంటర్నల్ స్విచ్‌తో (నా కంప్యూటర్‌కూ దానిలోని మెషీన్లకూ మధ్యనే పనిచేసే నెట్‌వర్క్‌తో) రెండో నెట్‌వర్క్ అడాప్టర్ చేర్చి, దానికి స్థిరమైన అడ్రస్ ఇచ్చాను.

నన్ను దీనికి కట్టిపడేసినవి చెక్‌పాయింట్లు, అంటే మెషీన్ ఒక క్షణంలో ఎలా ఉందో అలాగే దాచిపెట్టే సౌకర్యం. జీఎస్టీ రేట్లు మారి బిల్లుల భాగాన్ని తిరగరాయవలసి వచ్చినప్పుడు, ముందుగా ఒక చెక్‌పాయింట్ తీసుకుని కొత్త వెర్షన్‌ను పరీక్షించాను. లెక్క తప్పిన ప్రతిసారీ పాత స్థితికి క్షణాల్లో తిరిగి వచ్చి మళ్లీ మొదలుపెట్టగలిగాను. ఒకరి ఏడాది ఖాతాలతో పని చేసే నాకు ఈ ధైర్యం చాలా విలువైనది. అయితే చెక్‌పాయింట్ ఉన్నంతకాలం కొత్త మార్పులన్నీ వేరే ఏవీహెచ్‌డీఎక్స్ ఫైల్‌లో చేరుతూ పెరుగుతాయి. పదకొండు చెక్‌పాయింట్లను అలాగే వదిలేయడంతో నా 512 జీబీ డిస్క్ నిండిపోయింది. అలాంటప్పుడు ఆ ఫైళ్లను ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో తొలగించకూడదు. హైపర్‌-వి మేనేజర్‌లో చెక్‌పాయింట్‌ను డిలీట్ చేస్తే అవి అసలు డిస్క్‌లో కలిసిపోతాయి. మెషీన్ మొదలైనప్పుడు దానంతట అదే తీసుకునే ఆటోమేటిక్ చెక్‌పాయింట్లను మాత్రం నేను మొదటి రోజే ఆపేస్తాను.

పెద్ద లోటు యూఎస్‌బీ. దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా వంటి యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించే సౌకర్యం ఇందులో లేదు. కాటా పరీక్షల కోసం నేను పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంచుకోక తప్పలేదు.

చెక్‌పాయింట్ కూడా అదే డిస్క్‌లో ఉంటుంది కనుక దాన్ని బ్యాకప్‌గా నమ్మకూడదు. అసలు కంప్యూటర్‌లోని విండోస్ సక్రమంగా షట్‌డౌన్ అయితే వర్చువల్ మెషీన్ స్థితి సేవ్ అవుతుంది. కరెంటు హఠాత్తుగా పోతే ఆ అవకాశం ఉండదు. నవంబరులో వాయుగుండం కబురు రాగానే నేను మెషీన్లన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చేసి, బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి బీరువాలో పెడుతున్నాను.