దూరపు వార్మింట్ (బెడదగా మారిన చిన్న జంతువుల) వేటకు బ్యారెల్ మారుస్తున్నారా? ముందు గుండు, తర్వాతే కార్ట్రిడ్జ్

1955లో రెమింగ్టన్ తెచ్చిన .244, విన్‌చెస్టర్ .243 కన్నా కాస్త పెద్ద కేసు (గుండునీ పౌడర్‌నీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) ఉన్న తూటా. అయినా పోటీలో ఓడింది. బ్యారెల్‌కి 12 అంగుళాలకు ఒక చుట్టు ట్విస్ట్ (గుండుని తిప్పే లోపలి గాళ్ల మెలిక) ఇవ్వడంతో బరువైన 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుళ్లు అందులో నిలకడగా తిరగలేదు. 1963లో అదే కేసుకు 9 అంగుళాల ట్విస్ట్ ఇచ్చి, 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చారు. అప్పటికే కొనేవాళ్లు .243 వైపు వెళ్లిపోయారు. బ్యారెల్ మార్చేటప్పుడు ఇప్పటికీ చాలామంది చేసే పొరపాటు ఇదే: కార్ట్రిడ్జ్ (తూటా రకం) పేరు మీద నెలల తరబడి ఆలోచించి, ట్విస్ట్ సంగతి గన్‌స్మిత్‌కి (తుపాకీ పనివాడికి) వదిలేస్తారు.

అన్నిటికన్నా ముందు బోల్ట్ ఫేస్ (బోల్ట్‌లో తూటా అడుగు ఆనే చోటు) కొలవాలి. .378 అంగుళాలుంటే .223, .204 రూగర్ కుటుంబం. .473 ఉంటే .22-250, .243, 6ఎంఎం క్రీడ్‌మూర్, 6 బీఆర్ అన్నీ సరిపోతాయి. చిన్న ఫేస్‌ని పెద్దది చేయించాలంటే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) కూడా మార్చాలి, పెద్దదాన్ని చిన్నది చేయాలంటే ఇంకో బోల్టే కొనాలి. చేతిలో ఉన్న బోల్ట్‌కి సరిపడేదే ఎంచుకోవడం మేలు.

.22-250 రెమింగ్టన్. కేసు చాలా మంచిది, పాత బ్యారెళ్లే దాన్ని వెనక్కి లాగాయి. కంపెనీ రైఫిళ్లలో ఎక్కువగా ఉన్నది 14 అంగుళాల ట్విస్ట్, అది 55 గ్రెయిన్ల గుండు దాకానే చాలు. ఆ గుండు సెకనుకు 3,650 అడుగుల వేగంతో బయల్దేరినా, గంటకు 10 మైళ్ల పక్కగాలిలో 500 గజాల దగ్గర 28 అంగుళాల దాకా కొట్టుకుపోతుంది. ప్రెయిరీ డాగ్ (బొరియల్లో ఉండే ఉడుతజాతి చిన్న జంతువు) వెడల్పు ఎంత, ఈ పక్కజారుడు ఎంత! అదే కేసులో 8 అంగుళాల ట్విస్ట్‌తో 75 గ్రెయిన్ల ఇ.ఎల్.డి. మ్యాచ్ అనే పొడవైన గుండు పెట్టి 3,250 దగ్గర నడిపితే, ఆ జారుడు 16-17 అంగుళాలకు తగ్గుతుంది. వేగం తగ్గినా గాలి మీద గెలిచేది ఇదే. రీకాయిల్ (తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ) తక్కువ కాబట్టి గుండు ఎక్కడ పడిందో స్కోపులోనే చూసుకోవచ్చు, రెండో గుండు దిద్దుకోవడానికి ఇంతకన్నా సాయం లేదు.

చిక్కు రెండుచోట్ల ఉంది. మామూలు చాంబర్‌లో (తూటా కూర్చునే చోటులో) థ్రోట్, అంటే గుండు గాళ్లలోకి వెళ్లే ముందున్న భాగం, పొట్టిది, పొడవైన గుండుని కేసులోకి బాగా లోతుగా కూర్చోబెట్టాల్సి వస్తుంది. మీరు వాడబోయే గుండుతో, మీ మ్యాగజైన్‌లో పట్టే పొడవుకి, ప్రైమర్ (పౌడర్‌ని అంటించే భాగం), పౌడర్ లేని ఒక డమ్మీ తూటా చేసి గన్‌స్మిత్‌కి ఇవ్వండి. రీమర్‌ని (చాంబర్ తొలిచే పనిముట్టుని) దానికి తగ్గట్టు ఎంచుకుంటారు. రెండోది, బజార్లో దొరికే తూటాల్లో ఎక్కువ భాగం తేలికైనవే. చేత్తో లోడ్ చేసుకోని వాళ్లకి వేగమైన (తక్కువ అంగుళాలకే ఒక చుట్టు తిరిగే) ట్విస్ట్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పైగా నష్టం కూడా ఉండొచ్చు. గుండు తిరిగే వేగం తెలియాలంటే సెకనుకు అడుగుల్లో ఉన్న వేగాన్ని 720తో గుణించి, ట్విస్ట్ అంగుళాలతో భాగించాలి. 3,700 అడుగుల వేగం, 8 అంగుళాల ట్విస్ట్ అంటే నిమిషానికి 3,33,000 చుట్లు. పలచని జాకెట్ ఉన్న తేలిక గుళ్లు ఆ వేగానికి గాలిలోనే చీలిపోతాయి: లక్ష్యానికి చేరకుండానే చిన్న బూడిద రంగు చార కనిపించి మాయమవుతాయి. 55 గ్రెయిన్లు, 75 గ్రెయిన్లు రెండూ కావాలనుకునేవాళ్లు 9 అంగుళాలు అడిగి, ఆ పొడవు గుండుకి అది చాలుతుందో లేదో గుండు తయారీదారు చెప్పిన కనీస ట్విస్ట్‌తో సరిచూసుకోవాలి. సీసం నిషేధించిన చోట, కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు ఇదే నియమం, రాగి గుళ్లు వాడాలి. అదే బరువుకి అవి పొడవెక్కువ, కాబట్టి ఇంకా వేగమైన ట్విస్ట్ అడుగుతాయి.

6ఎంఎం క్రీడ్‌మూర్. 500 గజాలు దాటి, గాలి ఆగని మైదానాల్లో కొయోటీ (తోడేలు జాతి చిన్న జంతువు) కోసమైతే మా ఓటు దీనికే. 108 గ్రెయిన్ల గుండు 2,960 దగ్గర నడిస్తే అదే గాలిలో 500 గజాలకు 14-15 అంగుళాలే జరుగుతుంది. కేసు పొట్టిగా ఉండి భుజం (కేసు మెడ వైపు సన్నబడే వాలు) 30 డిగ్రీలది కావడంతో, పొడవైన గుండు పెట్టినా 2.8 అంగుళాల మ్యాగజైన్‌లో పడుతుంది. బరువు గుళ్ల తూటాలు సిద్ధంగా దొరుకుతాయి. .243 విన్‌చెస్టర్ కూడా 8 అంగుళాల ట్విస్ట్‌తో దాదాపు ఇంతే పనిచేస్తుంది. కానీ దాని కేసు పొడవు 2.045 అంగుళాలు, కాబట్టి పొడవు గుళ్లకి మ్యాగజైన్ అడ్డొస్తుంది. భుజం వాలు 20 డిగ్రీలే కాబట్టి ఇత్తడి సాగి, మెడ తరచూ కత్తిరించుకోవాలి. ఇప్పటికే డైలు (చేత్తో లోడ్ చేసుకునే అచ్చులు), కేసులు ఉన్నవాళ్లకి తప్ప కొత్తగా సిఫారసు చేయం.

క్రీడ్‌మూర్, .243 రెండింటికీ ఉమ్మడి బలహీనత బ్యారెల్ ఆయుష్షు. 1,500 నుంచి 2,000 తూటాలకు థ్రోట్ అరిగిపోవడం మామూలు. ప్రెయిరీ డాగ్ గుట్టల దగ్గర రోజుకు 200 కాల్చేవాళ్లు, వేడి బ్యారెల్‌ని ఆరనివ్వకపోతే అంతకన్నా ముందే పాడుచేసుకుంటారు. వాళ్లకి 6 బీఆర్ తెలివైన పని: తక్కువ పౌడర్, 2,500 దాటి బతికే బ్యారెల్, గుళ్లు చాలా దగ్గరగా పడే గ్రూపులు. 1.56 అంగుళాల ఆ పొట్టి కేసు మామూలు మ్యాగజైన్‌లోంచి సరిగ్గా ఎక్కదు. ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవడానికి సిద్ధపడాలి.

.220 స్విఫ్ట్ 1935 నాటి వేగానికి గొప్పదే. సగం అంచున్న కేసులు మ్యాగజైన్‌లో ఒకదానిమీదొకటి పట్టుకుంటాయి, ఇత్తడి వెతుక్కోవాలి.

ఇక బిగింపు. బ్యారెల్ నట్ ఉన్న సావేజ్ తరహా యాక్షన్ (బోల్ట్ ఉండే భాగం) అయితే ఇంట్లోనే హెడ్‌స్పేస్ (బోల్ట్ ఫేస్‌కీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) సరిచేసుకోవచ్చు. బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసే భాగం) తీసేయండి, స్ప్రింగ్ ఒత్తిడి ఉంటే గేజ్ తగిలే స్పర్శ చేతికి తెలియదు. గో గేజ్ (కనీస హెడ్‌స్పేస్ చూసే కొలతముక్క) మీద బోల్ట్ హాయిగా మూసుకోవాలి, నో-గో (దానికన్నా పొడవైనది) మీద మూసుకోకూడదు. నట్ బిగించాక రెండింటితో మళ్లీ చూడాలి, బిగింపులోనే కొలత మారుతుంది. బ్యారెల్ మరల (త్రెడ్ల) మీద పట్టేయకుండా కాపాడే గ్రీజు రాయడం మరవొద్దు. రెమింగ్టన్ 700లో రీకాయిల్ లగ్ (వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కి అందించే ముక్క) నిటారుగా లేకపోతే యాక్షన్ స్టాక్‌లో (తుపాకీ దిమ్మెలో) కూర్చోదు. లావు బ్యారెల్ అయితే ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) గాడి కూడా వెడల్పు చేయాలి: కాగితం బ్యారెల్ కింద చివరిదాకా జారాలి. కొత్త చాంబర్ పేరు బ్యారెల్ మీద చెక్కించండి, పాత పేరుతోనే ఉంటే ఏదో ఒకరోజు ఎవరో వేరే తూటా పెడతారు. కొత్త బ్యారెల్‌తో మొదటి లోడు (పౌడర్ కొలత) రీలోడింగ్ పుస్తకంలో ఉన్న కనీస పరిమాణం నుంచే మొదలుపెట్టాలి, పాత బ్యారెల్‌కి కుదిరిన లోడు దీనికి పనికిరాదు.