నందన్ మేళా రోజుల్లో శాంతినికేతన్: చూడవలసినవి, ఉండవలసిన చోటు, కొనదగినవి

పశ్చిమ బెంగాల్‌లోని శాంతినికేతన్‌కు వెళ్లేవారిలో ఎక్కువమంది రవీంద్రుడి ఇల్లు చూసి తిరిగి వచ్చేస్తారు. నేను చెప్పబోయేది ఆ ఊళ్లోనే ఉన్న కళాభవన్ గురించి. విశ్వభారతి విశ్వవిద్యాలయంలో చిత్రకళ, శిల్పకళ నేర్పే విభాగం అది. 1919లో మొదలైంది, అంటే విశ్వభారతి కంటే రెండేళ్లు పెద్దది. నూరేళ్లుగా అక్కడి గురువులు, విద్యార్థులు చేసిన పనిలో గొప్ప భాగం హాస్టల్ గోడల మీద, గదుల పైకప్పుల మీద, చెట్ల కింద ఖాళీ స్థలాల్లో ఉంది. ఏటా డిసెంబర్ 1, 2 తేదీల్లో ఇప్పటి విద్యార్థుల పని కూడా అదే ఆవరణలో అమ్మకానికి వస్తుంది. దాన్ని నందన్ మేళా అంటారు. శాంతినికేతన్‌కు జీవితంలో ఒక్కసారే వెళ్లగలిగేవారు ఆ రెండు రోజులూ కలిసేలా వెళ్లాలని నా గట్టి సలహా.

ఈ మేళా పుట్టుక తెలిస్తే అక్కడ పెట్టే ప్రతి రూపాయికీ అర్థం తెలుస్తుంది. 1970ల మొదట్లో ఒక విద్యార్థి ప్రమాదానికి గురైతే చికిత్సకు డబ్బు కావలసి వచ్చింది. గురువులు, విద్యార్థులు కలిసి తమ చిత్రాలు, బొమ్మలు అమ్మి ఆ డబ్బు సమకూర్చారు. 1973లో అది మేళాగా రూపం తీసుకుంది. వచ్చిన సొమ్ము ఇప్పటికీ విద్యార్థుల సహాయ నిధికే వెళుతుంది. డిసెంబర్ 3 నందలాల్ బోస్ పుట్టినరోజు. దాదాపు మూడు దశాబ్దాలు కళాభవన్‌ను నడిపిన ఆయన పేరే మేళా పేరులోనూ వినిపిస్తుంది.

మేళాకు ముందు కొన్ని వారాలు విద్యార్థులు తమ తరగతి పని పక్కన పెట్టి దీనికోసమే పనిచేస్తారు. చిత్రలేఖనం, శిల్పం, ముద్రణ, డిజైన్, కళా చరిత్ర, ఇలా ప్రతి విభాగానికీ సొంత దుకాణాలు ఉంటాయి. చేత్తో అచ్చువేసిన కేలండర్లు, కుట్టిన డైరీలు, కాల్చిన మట్టి బొమ్మలు, గ్లేజు వేసిన కప్పులు, మైనం పూసి రంగులద్దే బాతిక్ వస్త్రాలు, చెక్క దిమ్మెతో గానీ లినోలియంతో గానీ తీసిన ప్రింట్లు కనిపిస్తాయి. వంటలు కూడా విద్యార్థులే చేసి అమ్ముతారు. చీకటి పడ్డాక పాటలు మొదలవుతాయి. పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి తమ గురువుల పక్కన కూర్చుని అమ్మకాల్లో సాయం చేస్తుంటే చూడటం నాకు ఎంతో నచ్చింది.

ముద్రణ విభాగం దగ్గర విజయనగరం వైపు నుంచి వచ్చిన కుర్రవాడు ఒకడు మా తెలుగు విని పలకరించాడు. నేను చేతిలోకి తీసుకున్న ప్రింటు అంచున పెన్సిల్‌తో 4/15 అని ఉంది. అదేమిటని అడిగాను.

"మొత్తం పదిహేను తీశామని, ఇది నాలుగోదని అక్కా. పదిహేను అయ్యాక ఆ దిమ్మె మళ్లీ వాడం. సంతకం, అంకె రెండూ పెన్సిల్‌తో ఉన్నాయో లేదో చూసుకుని కొనండి. ఎక్కడ కొన్నా సరే."

ఆ మాట ఎంత విలువైనదో ఆ తర్వాత బయటి దుకాణాల్లో తిరిగినప్పుడు తెలిసింది. అక్కడ కంప్యూటర్‌లో తీసిన నకళ్లను చేతి ముద్రణ అని చెప్పి అమ్ముతున్నారు. మేళాలో మేము కొన్న చిన్న ప్రింట్లు వందల రూపాయల్లో వచ్చాయి. అధ్యాపకుల పని మాత్రం మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోతుంది. అది కావాలనుకుంటే ఉదయమే వరుసలో ఉండాలి. నగదు దగ్గర ఉంచుకోవడం మంచిది, జనం ఎక్కువైనప్పుడు ఫోను సిగ్నల్ సరిగా అందలేదు.

ఇక శాశ్వతంగా ఉన్న పని. కళాభవన్ ఆవరణలో ముందు చూడవలసింది రామ్‌కింకర్ బైజ్ శిల్పాలు. బాంకుడా నుంచి 1925లో విద్యార్థిగా వచ్చి, అక్కడే గురువై, అక్కడే జీవితం గడిపిన మనిషి ఆయన. 1938 నాటి 'సంథాల్ కుటుంబం' ముందు చాలాసేపు నిలబడిపోయాం. సామాను, సంసారం అంతా తీసుకుని మరో చోటికి పోతున్న సంథాల్ గిరిజన దంపతులు. మగమనిషి భుజాన కావడి, బుట్టలో బిడ్డ, పక్కన భార్య, వెంట కుక్క. కంచు పోతపోయడానికి, రాయి కొనడానికి డబ్బులేని చోట ఆయన ఆ నేలలోనే దొరికే ఎర్రటి మొరం కంకరను సిమెంటుతో కలిపి వాడారు. అందుకే ఆ మనుషులు ఆ మట్టిలోంచే లేచి నడుస్తున్నట్టుంటారు. కొద్ది దూరంలో 1956లో చేసిన 'మిల్లు పిలుపు'. బియ్యపు మిల్లు కూత విని ఇద్దరు ఆడవాళ్లు పరుగెడుతుంటారు, వెనక ఒక పిల్లవాడు. తడి చీరలు ఆరేది కూడా ఆ పరుగులోనే. కూలిపనికి పోయే ఆడవాళ్లకు ఇంత పెద్ద శిల్పం కట్టిన చోటు మన దేశంలో ఆనాటికి మరొకటి నాకు తెలియదు. ఎండకూ వానకూ కంకర రాలుతుండటంతో ఈ శిల్పాలపై కప్పు వేశారు. ఫోటోలకు అది అడ్డమని విసుక్కునేవారు కనిపించారు. నా మట్టుకు ఆ కప్పు ఉండితీరాలి.

దగ్గరలోనే కాలో బాడి ఉంది, అంటే నల్ల ఇల్లు. మట్టిలో తారు కలిపి 1930లలో కట్టిన విద్యార్థుల హాస్టల్. గోడల నిండా ఉబ్బెత్తు శిల్పాలు: భర్హుత్ బౌద్ధ స్తూపం నుంచి, ఈజిప్టు నుంచి తీసుకున్న రూపాలు, వాటి పక్కనే విద్యార్థులు సొంతంగా ఊహించినవి. తారు పూత కాలానుగుణంగా మళ్లీ వేయకపోతే మట్టి నిలవదు కాబట్టి ప్రతి తరం విద్యార్థులూ ఆ ఇంటికి చాకిరీ చేయవలసిందే. పై తరగతి విద్యార్థులు అందులో ఉంటూ చదువుకున్నారు. లోపలికి తొంగిచూడకండి. బయటి గోడలే ఒక పూట చూసేంత ఉన్నాయి.

కళాభవన్ గురువు, చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ గురించి తెలియకుండా విశ్వభారతిలోని హిందీ భవన్‌కు వెళితే సగమే చూసినట్టు. పుట్టుకతోనే ఆయనకు ఒక కంటికి చూపు లేదు, రెండో కంటి చూపు బాగా తక్కువ. 1946, 47లో హిందీ భవన్ మూడు గోడల మీద మధ్యయుగపు భక్తుల జీవితాన్ని తడి సున్నపు పూతపై చిత్రించారు. రామానుజులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, వారి చుట్టూ బజార్లు, నదులు, జనం. తడి సున్నం ఆరేలోగా రంగు పడాలి. పడ్డాక దిద్దుకోవడం ఉండదు. ఆ పని ఆయన ముందుగా పెద్ద నమూనా గీసుకోకుండా నేరుగా గోడ మీద చేశారు. సాయం చేసినవారు విద్యార్థులు, వారిలో ఒకరు కె.జి. సుబ్రమణ్యన్. పదేళ్లలోపే వినోద్ బిహారీ చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా కాగితం కత్తిరించి ఆకారాలు కూర్చి, వాటి ఆధారంగా 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో కుడ్యచిత్రం చేయించారు. 1940లో ఇక్కడ చేరి చదువు మధ్యలోనే వెళ్లిపోయిన సత్యజిత్ రాయ్, ఈ గురువు మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. హిందీ భవన్ లోపలికి వెళ్లడానికి కార్యాలయంలో ముందుగా అనుమతి అడగాలి. అడిగితే మర్యాదగానే మాట్లాడారు, ఒక పూట ఆగవలసి వచ్చిందంతే.

ఆనాడు గోడ దగ్గర రంగులందించిన సుబ్రమణ్యన్ తర్వాత బరోడా వెళ్లి అక్కడి కళాశాలకు పెద్ద దిక్కయ్యారు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ బరోడాలో చదివింది ఆయన దగ్గరే. మళ్లీ శాంతినికేతన్ చేరి, డిజైన్ విభాగం భవనాన్ని నలుపు తెలుపు బొమ్మలతో నింపారు. అవి మాసిపోతే 2009లో, 85 ఏళ్ల వయసులో, మంచె ఎక్కి కొత్తగా వేశారు. పిల్లులు, కోతులు, దేవతలు, ఆకులు అన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయే గోడ అది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేవేళ వెళ్లండి.

మన రాజ్యాంగం మూలప్రతిని అలంకరించింది కూడా నందలాల్, ఆయన విద్యార్థులే. పీఠిక పుటను బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా తీర్చారు. పుట అడుగున కుడివైపు నాగరి లిపిలో 'రామ్' అన్న చిన్న సంతకం ఆయనది. మన వరంగల్ ప్రాంతపు కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులో చిత్రకళ చదివాక శాంతినికేతన్ వెళ్లి నందలాల్ దగ్గర శిక్షణ పొందారు. ఇక్కడే చదివిన జగదీశ్ మిత్తల్ హైదరాబాదులో స్థిరపడి, భార్య కమలతో కలిసి సేకరించిన కళాఖండాలతో మ్యూజియం ఏర్పరచారు. శాంతినికేతన్ వెళ్లలేనివారు కనీసం అది చూడాలి.

ఉత్తరాయణ్ ఆవరణలో రవీంద్రుడి ఐదు ఇళ్లున్నాయి. వాటిలో శ్యామలి అనే మట్టి ఇల్లు ఒక్కటైనా నిదానంగా చూడండి. 1935లో సురేంద్రనాథ్ కర్ రూపకల్పనలో కట్టారు, గోడల మీది బొమ్మలు నందలాల్, రామ్‌కింకర్, విద్యార్థులు కలిసి చేసినవి. బుధవారం ఇక్కడ సెలవు, మ్యూజియం ఆ రోజు తెరవరు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి రద్దీ పెరిగింది. ఆశ్రమం భాగంలో ఎప్పుడు పడితే అప్పుడు తిరగనివ్వరు, ఏ రోజు ఎంతవరకు వెళ్లవచ్చో ముందే కనుక్కోవాలి.

బస విషయానికి వస్తే, మొదటి రాత్రి మేము సోనాఝురి తోపు వైపు ఒక రిసార్టులో దిగాం. చెట్లు, చెరువు, మంచి గది, అన్నీ ఉన్నాయి. అర్ధరాత్రి దాటేవరకు మైకులో పాటలు కూడా ఉన్నాయి. కళాభవన్‌కు వెళ్లాలంటే ప్రతిసారీ టోటో (బ్యాటరీ ఆటో) బేరమాడాలి. మర్నాడే రతన్‌పల్లిలో ఒక పాత ఇంటికి మారాం. ఇంటివారు పైభాగంలో ఉంటూ కింది గదులు అతిథులకు ఇస్తారు. గది చిన్నది, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇచ్చేవారు, కానీ కళాభవన్‌కు నడిచి వెళ్లవచ్చు, సైకిళ్లు కూడా ఇచ్చారు. కళ చూడటానికి వచ్చేవారికి రతన్‌పల్లి, పూర్వపల్లి వైపు ఇలాంటి ఇళ్లే సరైనవి. పెద్దవాళ్లతో, పిల్లలతో వచ్చేవారికి రాష్ట్ర పర్యాటక శాఖవారి లాడ్జి అనుకూలం, తోట ఉంది, స్టేషన్ కూడా దూరం కాదు. డిసెంబర్ చివర్లో జరిగే పౌష్ మేళా, హోలీ వేళ జరిగే వసంతోత్సవం రోజుల్లో ధరలు విపరీతంగా పెరుగుతాయి. నందన్ మేళాకు అంత ఇబ్బంది లేదు.

స్టేషన్ బయట టోటోవాళ్లు చూపించే ప్రదేశాల జాబితా ఒప్పుకోకండి. ఒక్కోచోట పది నిమిషాలు ఆపుతారు. సంథాల్ కుటుంబానికి పది నిమిషాలు చాలవు.

భోజనంలో మనవాళ్లకు ఇట్టే నచ్చేది ఈ బీర్‌భూమ్ జిల్లా ఇళ్లలో చేసే మినప్పప్పు. సోంపు, అల్లం వేసి పలుచగా చేస్తారు, పక్కన గసగసాల ముద్దతో వండిన బంగాళాదుంప కూర. డిసెంబర్‌లో కొత్త ఈతబెల్లం వస్తుంది, దానితో చేసిన సందేశ్ అనే మిఠాయి తప్పక తినాలి. ఆవనూనె వాసన పడనివారు ముందే చెబితే వేరే నూనెతో చేసిపెడతారు.

సోనాఝురి సంత గురించి నాకు బాధ ఉంది. కళాభవన్ పూర్వ విద్యార్థిని, శాంతి ఉద్యమకారిణి శ్యామలీ ఖాస్త్‌గీర్ దీన్ని శనివారం సంతగా మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవారు తాము చేసినవి తెచ్చి చెట్ల కింద అమ్ముకోవాలన్నది ఆలోచన. ఇప్పుడు వారంలో చాలా రోజులు జరుగుతోంది. కార్లు తోపులోకి వచ్చేస్తున్నాయి, మరమీద కుట్టిన చీరలు కాంథా పేరుతో నడుస్తున్నాయి. కాంథా అంటే పాత చీరలు పొరలుగా వేసి దూరపు కుట్టుతో కలపడం, మన బొంత కుట్టే పద్ధతే. వెనక్కి తిప్పి చూస్తే చేతి కుట్టులో హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. అవి ఉన్నవే కొనండి. పొద్దున్నే వచ్చే ముసలమ్మల దగ్గర ఇంకా అసలైన పని దొరుకుతోంది. నిలకడైన ధర, నమ్మకం కావాలంటే కోపాయి నది వైపున్న అమార్ కుటీర్ సహకార సంఘానికి వెళ్లండి. తోలు మీద ఉబ్బెత్తు నగిషీ పని అక్కడ బాగుంది. బాతిక్ ఇక్కడికి వచ్చింది 1927లో రవీంద్రుడు జావా వెళ్లివచ్చిన తర్వాత. మైనం పగిలిన చోట రంగు సన్నటి గీతలుగా దిగుతుంది, అచ్చువేసిన గుడ్డలో ఆ గీతలు ప్రతి గజానికీ ఒకేలా ఉంటాయి.

నాకు మిగిలిన కొరత ఒక్కటే. పెద్ద గురువుల పేర్లు ఎలాగూ తెలుస్తాయి. మంచె కట్టినవారు, సున్నం నూరినవారు, రంగులు కలిపినవారు, తారు పూసిన విద్యార్థులు ఎవరో చెప్పే పలక మాకు కనిపించలేదు. పుస్తకాల్లో ఉన్న పేర్లైనా గోడ పక్కన రాసిపెడితే బాగుంటుంది. ఇదే మాట అక్కడి సందర్శకుల పుస్తకంలో రాసి వచ్చాను.

ప్రయాణానికి: సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో నవంబర్ 28న బయలుదేరితే మర్నాడు సాయంత్రం హౌరా చేరతారు. రాత్రి కోల్‌కతాలో ఉండి, 30న పొద్దున శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే సుమారు రెండున్నర గంటల్లో శాంతినికేతన్‌కు స్టేషన్ అయిన బోల్‌పూర్. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లోనే టికెట్లు తీసుకోవాలి. శని, ఆదివారాల్లో హౌరా, బోల్‌పూర్ మధ్య సీట్లు దొరకడం కష్టం. ప్రింట్లు మడత పడకుండా తెచ్చుకోవడానికి గట్టి అట్ట గొట్టం ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి.