నిమ్మతోటకి 5 హెచ్‌పీ సోలార్ మోటారు: డీజిల్ మానిపిస్తుందా?

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మతోటల్లో ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా ఉన్న బోరుకి జనరేటరే దిక్కు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌ని (బోరులో మునిగి ఉండే మోటారుని) తిప్పాలంటే గంటకి సుమారు రెండు లీటర్ల డీజిల్ తాగుతుంది. ఐదు గంటలు నడిస్తే దాదాపు వెయ్యి రూపాయలు పొగైపోయినట్టే. దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతం పైగా బయటి నుంచే వస్తోంది కాబట్టి ఆ ధర రైతు చేతిలో ఉండేది కాదు. ఇలాంటి తోటకి సోలార్ సెట్టు నిక్షేపంగా పనికొస్తుంది. ఉచిత కరెంటు సర్వీసు ఉన్నవాళ్ళకి మాత్రం దండగ.

సెట్టులో 540 వాట్ల పలకలు 9, పలకల కరెంటుని మోటారుకి సర్దే కంట్రోలర్, మోటారు, స్టాండు ఉంటాయి. హెడ్ (నీళ్ళు ఎక్కాల్సిన మొత్తం ఎత్తు) 50 మీటర్లయితే ఎండ బాగా కాసిన రోజున లక్ష లీటర్ల దాకా పోస్తుంది. 100 మీటర్లయితే అందులో సగం కూడా రావు. హెడ్ అంటే బోరు లోతు కాదు. మోటారు నడిచేటప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా దిగుతాయో కొలిచి, పైన తొట్టి ఎత్తూ పైపు రాపిడీ కలపాలి. చాలామంది డీలర్లు ఈ కొలత తీసుకోకుండానే మోటారు అంటగడతారు. మే నెలలో అది గాలి పీలుస్తుంది. బిగించిన రోజే కంట్రోలర్‌లో డ్రై రన్ కట్ (నీళ్ళు అందకపోతే మోటారుని ఆపేసేది) పనిచేస్తోందో లేదో చూపించమనండి.

రోహిణి కార్తెలో ఎండ మండిపోతోంది కదా, నీళ్ళు కూడా అట్లే దూకుతాయనుకుంటారు. దూకవు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ప్రతి డిగ్రీకీ 0.35 శాతం దాకా పవర్ పడిపోతుంది. పలక 65 డిగ్రీలకి చేరితే 14 శాతం పోయినట్టే. అందుకే పలకల కింద గాలి ఆడాలి, స్టాండుకి ఆనించి గడ్డివామి వేయకూడదు. పలకలన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద తాటిమట్ట నీడ పడినా మోటారు నెమ్మదిస్తుంది.

డ్రిప్పు నేరుగా కలిపితే పొద్దున, సాయంత్రం ప్రెషర్ చాలక చివరి చెట్లు ఎండుతాయి. ఆ వేళల్లో ఒక్క వాల్వే తెరవండి, మధ్యాహ్నమైతే రెండు వాల్వులు. చేత్తో తిప్పే స్టాండయితే పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి తిప్పాలి. ఆ పిన్నుకి గ్రీజు పెట్టకపోతే తుప్పుపట్టి ఒకే దిక్కున బిగుసుకుపోతుంది. చాలా తోటల్లో జరిగేది ఇదే.

పలకలు తెల్లవారుజామునే కడగాలి. బోరు నీళ్ళు ఉప్పువైతే గుడ్డతో తుడవకుండా వదలొద్దు, తెల్లటి పొర పట్టి గీకినా పోదు. కనెక్టర్ ఊడదీయాల్సి వస్తే ముందు డీసీ ఐసోలేటర్ (పలకల నుంచి వచ్చే కరెంటుని ఆపే స్విచ్చు) ఆపండి. ఎండలో నడుస్తున్నప్పుడు లాగితే ఆర్క్ (కరెంటు మంట) లేచి చెయ్యి కాలుతుంది.

ఈశాన్య రుతుపవనాల మబ్బుకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీళ్ళు తగ్గుతాయి గానీ, అప్పుడు తోటకీ పెద్దగా అక్కర్లేదు. తీరంలో రొయ్యల గుంటలకి మాత్రం బ్యాటరీ లేని ఇలాంటి సెట్టు కొనకండి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ముఖ్యంగా తిరగాల్సింది రాత్రిళ్ళు.