భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా: పళ్లెంలో వలయమా, ద్రవంలో కొలతా?

రాక్ ఫాస్ఫేట్‌తో (భాస్వరం ఉన్న సహజ శిల పొడితో) కలిపి ఎరువుగా వాడే భాస్వర ద్రావక బ్యాక్టీరియాను, అంటే కరగని భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను, ప్రయోగశాలలో రెండు విధాలుగా పరీక్షిస్తారు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే భాస్వర లవణం కలిపిన పికోవ్‌స్కయా అగార్‌పై (పళ్లెంలో గడ్డకట్టించిన పోషక మాధ్యమంపై) పెంచినప్పుడు, బ్యాక్టీరియా వదిలే గ్లూకోనిక్ వంటి ఆమ్లాలు ఆ లవణాన్ని కరిగించి, కాలనీ చుట్టూ తేట వలయాన్ని ఏర్పరుస్తాయి. 1985 నాటి మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కనీసం 5 మి.మీ. వలయం ఉండాలంటుంది. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ. అయితే పళ్లెంలో వలయం చూపని కొన్ని జాతులు ద్రవ మాధ్యమంలో భాస్వరాన్ని చక్కగా కరిగిస్తాయి కనుక, వలయం రాలేదని వాటిని తోసిపుచ్చడం సరికాదు.

ద్రవంలో పెంచి, వడపోసి, కరిగిన భాస్వరం మాలిబ్డినం కారకంతో కలిసినప్పుడు వచ్చే నీలి రంగు గాఢతను స్పెక్ట్రోఫోటోమీటర్‌తో (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పరికరంతో) కొలిచి, బ్యాక్టీరియా వేయని ఫ్లాస్కు విలువను అందులోంచి తీసివేస్తే, కరిగిన భాస్వరమెంతో అంకెల్లో తెలుస్తుంది. ఎరువుకు తగిన జాతిని ఎంచడానికి నేను దీనినే నమ్ముతాను. అదీ తేలికగా కరిగే ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌తో కాక, రైతు వాడబోయే రాక్ ఫాస్ఫేట్ పొడితోనే చేయాలి.